పోకెమాన్ తొలి ప్రయాణం: కాంటో ఆటల్లో మీకు తగినది ఏది?

"పోకెమాన్ ఆటలు ఎప్పుడూ ఆడలేదు, దేనితో మొదలుపెట్టమంటారు?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు నేను ఒక మాట అడుగుతాను: మీతో పాటు ఇంకెవరు ఆడబోతున్నారు? చాలామంది ఈ ప్రశ్నకు ఆశ్చర్యపోతారు. అరచేతిలో పట్టుకుని ఎవరికి వారు ఆడుకునే ఆటకు తోడెందుకు అనిపిస్తుంది. కానీ వింత జీవులను పట్టి, పెంచి, పోరాడించే ఈ ఆట పుట్టిందే ఇద్దరి కోసం. ఆ సంగతి తెలిస్తే ఏది కొనాలన్న చిక్కు సగం విడిపోతుంది.

సతోషి తజిరి టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగారు. చిన్నతనంలో పురుగులు పట్టి పెంచడమంటే ఆయనకు ప్రాణం. ఊరు పెరిగి పొలాలు, కుంటలు పోయాక పురుగులూ కనబడకుండా పోయాయి. పెద్దయ్యాక రెండు గేమ్ బాయ్‌లను (నింటెండో సంస్థ చేతి ఆటయంత్రాలను) కలిపే తీగను చూసినప్పుడు, దాని మీదుగా ఒక పురుగు ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పాకిపోతున్నట్టు ఆయనకు తోచింది. పోకెమాన్‌కు బీజం అదే. ఆయన సంస్థ గేమ్ ఫ్రీక్ దాదాపు ఆరేళ్ళు శ్రమించి 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అనే రెండు ఆటలు విడుదల చేసింది. రెండింటిలో కథ ఒకటే, దారి ఒకటే. జీవులు మాత్రం కొన్ని ఒకదానిలోనే, కొన్ని రెండోదానిలోనే దొరుకుతాయి. ఇలా రెండుగా చేయమని సలహా ఇచ్చినది నింటెండోకు చెందిన షిగెరు మియమోతో. మొత్తం 150 జీవులను కూడబెట్టాలంటే అవతలి ఆట ఉన్న మనిషి మీకు కావాలి, మీరు ఆ మనిషికి కావాలి.

ఆ ఆటలు జరిగే కల్పిత ప్రాంతం పేరు కాంటో. ఆ తరువాత అదే కాంటో కథ మూడు తరాల యంత్రాల మీద మళ్ళీ మళ్ళీ వచ్చింది. రెడ్, బ్లూ అమెరికాలో 1998లో వచ్చాయి. యెల్లో జపాన్‌లో 1998లో, అమెరికాలో 1999లో. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ 2004లో. లెట్స్ గో పికాచూ, లెట్స్ గో ఈవీ 2018లో. పోకెమాన్ లోకంలోకి అడుగు పెట్టేవారు కాంటోతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. తరువాతి ఆటలన్నీ ఇక్కడ నేర్పిన పాఠాల మీదే నిలబడ్డాయి. అందుకే గోల్డ్, సిల్వర్ వంటి మంచి ఆటలను కూడా పక్కన పెట్టి, ఈ కాంటో ఆటల మధ్య ఎంపిక గురించే రాస్తున్నాను.

రెడ్, బ్లూ: మూలం చూడాలనుకునేవారికి

రెడ్, బ్లూ ఆటల బలం వాటి పొందిక. చిన్న నలుపు తెలుపు తెర మీద, ఈనాటి ఒక ఫోటో కన్నా తక్కువ జాగాలో, ఒక దేశమంతటి ప్రయాణాన్ని అమర్చారు. జునిచి మసుదా సంగీతం ఆ చిన్న స్పీకరులోంచి వస్తుంటే లావెండర్ టౌన్‌లోకి అడుగుపెట్టగానే వెన్ను జలదరిస్తుంది. కెన్ సుగిమోరి గీసిన బొమ్మలు కొన్ని మొరటుగా ఉంటాయి, కానీ వాటిలో తొలిసారి గీసిన చేతి తడి కనిపిస్తుంది.

అయితే ఈ ఆటలో లోపాలు చాలా ఉన్నాయి. అవి తెలియకుండా కొంటే నిరాశ తప్పదు. సంచిలో ఇరవై రకాల వస్తువులే పడతాయి. పట్టిన జీవులను దాచే పెట్టెలో ఇరవై నిండితే, ఏదైనా ఊరికి వెళ్ళి కంప్యూటర్‌లో పెట్టె మార్చేదాకా కొత్తదాన్ని పట్టనివ్వదు. అరుదైన జీవులు దొరికే సఫారీ జోన్‌కు బయల్దేరే ముందు పెట్టెలో ఖాళీ ఉందో లేదో చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి. పరుగు లేదు, సైకిల్ దొరికేదాకా నడకే. యుద్ధ లెక్కల్లోనూ పొరపాట్లు దొర్లాయి. ఫోకస్ ఎనర్జీ అనే ఎత్తు దెబ్బ బలంగా తగిలే అవకాశాన్ని పెంచాలి. ఇక్కడ అది నాలుగో వంతుకు తగ్గిస్తుంది. జీవులకూ, వాటి దాడులకూ నిప్పు, నీరు వంటి రకాలుంటాయి, ఒక రకం మరో రకం మీద పైచేయి సాధిస్తుంది. దెయ్యం రకం దాడులు సైకిక్ (మనోశక్తి) రకం మీద రెట్టింపు పనిచేయాలి. ఇక్కడ అసలు తగలనే తగలవు. సైకిక్ రకానికి ఇక మిగిలిన శత్రువు పురుగుల రకం, కానీ వాటి దాడులన్నీ బలహీనం. ఫలితంగా ఆలకజామ్, స్టార్మీ వంటి సైకిక్ జీవులు ఉంటే సగం ఆట వాటిదే.

ఇన్ని లోపాలున్నా కొందరు ఈ ఆటనే కోరుకోవడానికి ఒక కారణం ఆ లోపాల్లోనే ఉంది. విరిడియన్ సిటీలో ఒక ముసలాయన పోకెమాన్‌ను ఎలా పట్టాలో చూపిస్తాడు. ఆ కాసేపు తెర మీద ఆయన పేరు రావాలి కనుక, ఆట మీ పేరును తీసి తాత్కాలికంగా మరోచోట పెడుతుంది. ఆ చోటు అడవి జీవుల జాబితా ఉండే చోటు. విరిడియన్ నుంచి నేరుగా సిన్నబార్ దీవికి ఎగిరి, దాని తూర్పు ఒడ్డు వెంట ఈదితే, ఆ ఒడ్డుకు సొంత జాబితా లేకపోవడం వల్ల ఆట మిగిలిపోయిన మీ పేరు అక్షరాలనే జీవులుగా చదువుతుంది. అలా బయటపడేదే మిస్సింగ్‌నో అనే చెదిరిన బొమ్మ. దాన్ని చూసిన క్షణంలో సంచిలోని ఆరో వస్తువు వందకు పైగా పెరిగిపోతుంది. పాత కోటలో రహస్య ద్వారం కనిపెట్టినంత ఆనందం అది. దానివల్ల విజేతల జాబితా బొమ్మలు చెడిపోతాయి కనుక, ఆట పూర్తయిన తరువాతే ప్రయత్నించండి.

మ్యూ కథ కూడా ఇలాంటిదే. ఆట దాదాపు సిద్ధమయ్యాక, పరీక్షల కోసం పెట్టిన భాగాలు తీసేస్తే దాదాపు 300 బైట్ల ఖాళీ మిగిలింది. షిగెకి మోరిమోతో ఆ ఖాళీలో 151వ జీవిని ఇమిడ్చారు. మామూలుగా ఆడితే అది దొరకదు. ఇలాంటి సంగతులు మీ మనసును లాగుతుంటే రెడ్ లేదా బ్లూ మీకోసమే. హాయిగా ఒక కథ ఆడుకోవాలని మాత్రమే ఉంటే, తొలి ఆటగా ఇది వద్దు.

యెల్లో: కార్టూన్ చూసి ప్రేమించినవారికి

టీవీలో పికాచూను చూసి ఈ వైపు వచ్చినవారి సంఖ్య మన దగ్గర చాలా ఎక్కువ. వారికి యెల్లో ఇచ్చే ఆనందం మిగతావి ఇవ్వలేవు. ఇందులో మూడు జీవుల్లో ఒకటి ఎంచుకోవడం ఉండదు, మీకు దక్కేది పికాచూ. అది జీవులను ఉంచే పోకెబాల్ అనే బంతిలోకి వెళ్ళడానికి ఒప్పుకోదు, మీ వెనకే నడుస్తుంది. వెనక్కి తిరిగి పలకరిస్తే దాని మొహం తెర మీదకు వస్తుంది. బాగా చూసుకుంటే నవ్వుతుంది, యుద్ధాల్లో పదే పదే మూర్ఛపోనిస్తే ముఖం తిప్పుకుంటుంది. పిడుగు రాయి ఇచ్చి రాయిచూగా మార్చబోతే నిరాకరిస్తుంది. కార్టూన్‌లోని విలన్లు జెస్సీ, జేమ్స్ కూడా దారిలో ఎదురవుతారు. మీ ప్రత్యర్థికి పలు రూపాలుగా మారగల ఈవీ అనే జీవి దొరుకుతుంది. మొదటి పోరాటాల గెలుపోటములను బట్టి అది ఏ రూపం తీసుకుంటుందో మారుతుంది. ఈ చిన్న ఏర్పాటు నాకు ఎప్పటికీ నచ్చుతుంది.

రెడ్, బ్లూలలో మొదట ఒకటే ఎంచుకోవలసిన బల్బసార్, చార్మాండర్, స్క్వర్టిల్ మూడూ ఒక్క ఆటలోనే మీ చేతికి రావడం యెల్లోలోని పెద్ద సౌకర్యం. సెరూలియన్ అనే ఊళ్ళో ఒక అమ్మాయి బల్బసార్‌ను ఇస్తుంది, మీ పికాచూ సంతోషంగా ఉంటేనే. ఊరి పైనున్న దారిలో ఒక యువకుడు చార్మాండర్‌ను ఇస్తాడు. వర్మిలియన్‌లో జిమ్ (ఊరి నాయకుడితో తలపడే పోటీ కేంద్రం) గెలిచాక పోలీసు అధికారిణి స్క్వర్టిల్‌ను అప్పగిస్తుంది. తోడు లేకుండా ఒంటరిగా ఆడేవారు పాత గేమ్ బాయ్ ఆటల్లో ఏదో ఒకటి తీసుకోవాలనుకుంటే, రెడ్, బ్లూ కన్నా యెల్లో మేలని నేను చెప్పేది ఇందుకే.

మొదటి జిమ్ మాత్రం ఇక్కడ గట్టి పరీక్ష. అక్కడి నాయకుడు బ్రాక్ దగ్గరున్న జియోడ్యూడ్, ఆనిక్స్ రెండింటికీ నేల రకం కలిసి ఉంది కనుక పికాచూ మెరుపు వాటిని తాకదు. కంగారు పడవద్దు. విరిడియన్‌కు పడమటి దారిలో మాంకీ దొరుకుతుంది, అది పోరాట రకం. లేదా విరిడియన్ అడవిలో కేటర్‌పీని పట్టి పదో లెవెల్ దాకా పెంచితే బటర్‌ఫ్రీ అవుతుంది. అది నేర్చుకునే కన్‌ఫ్యూజన్ అనే దాడికి రాతి జీవులు తట్టుకోలేవు. ముద్దు చేసుకునే పికాచూ ఓడిపోయే చోట, ఎవరూ పట్టించుకోని గొంగళిపురుగు గెలిపిస్తుంది. పురుగులను పెంచిన పిల్లవాడి చేతి నుంచి వచ్చిన ఆట ఇదని అక్కడ తెలుస్తుంది.

ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్: ఎక్కువమందికి నా సలహా

ఎవరితో ఆడతారో ఇంకా తెలియదు, పాత సంగతుల మీద ప్రత్యేకమైన మమకారం లేదు, మంచి ఆట కావాలి అంటే, ఫైర్‌రెడ్ లేదా లీఫ్‌గ్రీన్ తీసుకోండి. రెండు ఆలోచనలు వద్దు.

కథ, ఊళ్ళు, జిమ్‌లు అన్నీ 1996 నాటివే. వాటి చుట్టూ ఉన్న ముళ్ళన్నీ ఏరి పారేశారు. మొదటి జిమ్ గెలవగానే పరుగెత్తే బూట్లు ఇస్తారు. సైకిక్ రకం ఆగడాలకు చీకటి, ఉక్కు రకాలు అడ్డుకట్ట వేశాయి. ప్రతి జీవికీ ఒక స్వభావం, ఒక సహజ సామర్థ్యం ఉంటాయి. మీరు పట్టిన పిడ్జీ, మీ స్నేహితుడు పట్టిన పిడ్జీ ఒకటి కావు. ఓడిన శిక్షకులతో మళ్ళీ పోరాడేందుకు ఒక చిన్న యంత్రం ఇస్తారు. లెవెల్ పెంచడానికి గడ్డిలో గంటలకొద్దీ తిరగడం దీనివల్ల చాలావరకు తప్పుతుంది.

ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవారికి ఇందులో ఒక వరం ఉంది. వారం తరువాత ఆట తెరిస్తే, చివరిసారి మీరు ఏం చేశారో నాలుగు దృశ్యాల దాకా ముందు గుర్తు చేస్తుంది. ఫలానా ఊళ్ళో ఎవరిని కలిశాను, ఏ గుహలో ఆగాను అని తడుముకోనక్కరలేదు. ఇరవై ఏళ్ళు దాటినా ఇంత ఆదరంగా ఆటగాడిని వెనక్కి పిలిచే ఏర్పాటు చాలా ఆటల్లో లేదు.

ఇంకొక సంగతి, కూతుళ్ళున్న తల్లిదండ్రులకు ముఖ్యమైనది. రెడ్, బ్లూ, యెల్లోలలో కథానాయకుడు అబ్బాయి మాత్రమే. ఫైర్‌రెడ్ నుంచి ఈ కాంటో కథలో అమ్మాయిగా కూడా ప్రయాణం చేయవచ్చు. మా మేనకోడలు ఆ తెర దగ్గర ఆగి, "మామయ్యా, ఇది నేనే కదా!" అన్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. తెల్ల టోపీ పెట్టుకున్న ఆ చిన్న బొమ్మే ఆమెను ఛాంపియన్ దాకా నడిపించింది.

కాంటో తరువాత కూడా ఆట ఉంది. ఏడో జిమ్ గెలిచాక సెవీ దీవులకు దారి తెరుచుకుంటుంది. మొత్తం ఏడు దీవులు. ఛాంపియన్‌ను ఓడించి, 60 రకాల జీవులను పట్టి చూపిస్తే మిగతా దీవులు, ఇతర ప్రాంతాల జీవులు అందుబాటులోకి వస్తాయి. ఆ లోపు ఒక అడ్డంకి ఉంటుంది. గోల్‌బాట్‌ను ఎంత ప్రేమగా పెంచినా క్రోబాట్‌గా మారనివ్వరు, మారబోతున్న క్షణంలో ఆట దాన్ని ఆపేస్తుంది. ఆ నిర్ణయం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ప్రేమతో పెంచినదానికి ప్రతిఫలం దక్కకుండా అడ్డుపడటం ఈ ఆట స్వభావానికే విరుద్ధం.

ఫైర్‌రెడ్ కొనాలా, లీఫ్‌గ్రీన్ కొనాలా? మీ తోడు దగ్గర లేనిది కొనండి. ఫైర్‌రెడ్‌లో ఆర్కనైన్, సైథర్, ఎలెక్టబజ్, సైడక్ దొరుకుతాయి. లీఫ్‌గ్రీన్‌లో నైన్‌టేల్స్, పిన్సిర్, మాగ్మార్, స్లోపోక్, స్టార్యూ. తోడు ఎవరూ లేకపోతే మీకు ముచ్చటేసే జీవి ఎందులో ఉంటే అది తీసుకోండి. బలాబలాల్లో రెండింటికీ తేడా లేదు.

లెట్స్ గో: ఒకే ఇంట్లో ఇద్దరికి

నింటెండో స్విచ్ యంత్రం ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఆడబోయేవారు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలైతే, లెట్స్ గో పికాచూ లేదా లెట్స్ గో ఈవీ సరైనది. యెల్లో కథను కొత్త బొమ్మలతో మళ్ళీ చెప్పారు. అడవి జీవులు గడ్డిలో కనబడుతూనే తిరుగుతుంటాయి, కావలసినదాని దగ్గరకే వెళ్ళవచ్చు. మీ జీవి మీ వెంట నడుస్తుంది, పెద్దవాటి మీద ఎక్కి వెళ్ళవచ్చు కూడా. ఆర్కనైన్ వీపు మీద సైకిల్ రోడ్డు వైపు దూసుకుపోవడం నేను ఈ ఆటల్లో చూసిన అందమైన దృశ్యాల్లో ఒకటి.

రెండో కంట్రోలర్ ఊపితే ఇంకొకరు ఎప్పుడైనా పక్కన చేరి సాయం చేయవచ్చు. ఇద్దరూ ఒకేసారి బంతి విసిరితే పట్టే అవకాశం పెరుగుతుంది. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చిన్నవాళ్ళకు కష్టమైన యుద్ధాల్లో చేయి అందించడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. సేవ్‌లు కూడా ఇంట్లో ఒక్కొక్కరి ఖాతాకు వేరువేరుగా ఉంటాయి. పాత కార్ట్‌రిడ్జ్‌లలో (ఆట ఉండే చిన్న బిళ్ళలలో) ఒక్క సేవ్ మాత్రమే ఉంటుంది. ఒకరు కొత్త ఆట మొదలుపెట్టి సేవ్ చేస్తే మరొకరి ప్రయాణం శాశ్వతంగా చెరిగిపోతుంది. మా ఇంట్లో తమ్ముడు తెలియక చేసిన ఆ పనికి అక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నలభై గంటల ప్రేమ అది. ఇద్దరు పిల్లలకు ఒక్క పాత కార్ట్‌రిడ్జ్ కొనిచ్చేవారు దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి.

లెట్స్ గో నాకు పూర్తిగా నచ్చకపోవడానికి కారణం ఒకటుంది. అడవి జీవులతో పోరాటం ఇందులో దాదాపు లేదు, బంతి విసిరి పట్టడమే. పాత ఆటల్లో బలహీనమైన మన జీవితో, ఎదుటిదాన్ని చంపకుండా అలసిపోయేదాకా కొట్టి, ఊపిరి బిగబట్టి బంతి విసిరే ఉత్కంఠ ఉంటుంది. ఇందులో అది పోయింది. బ్రాక్ జిమ్ తలుపు దగ్గరే నీటి రకమో గడ్డి రకమో చూపించమని అడుగుతారు. పిల్లలకు అది మేలే. కానీ పికాచూతో వెళ్ళి ఓడిపోయి, గొంగళిపురుగుతో తిరిగి వచ్చి గెలిచే ఆనందం వారికి దక్కదు. పదేళ్ళు దాటినవారికి, పెద్దవారికి అందుకే ఫైర్‌రెడ్ అంటున్నాను.

టీవీకి కలిపి ఆడేటప్పుడు స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్‌ను ఊపే బంతి విసరాలి, మామూలు పెద్ద కంట్రోలర్ పనిచేయదు. చేతిలో పట్టుకుని ఆడితే బటన్‌తో విసరవచ్చు, నాకు అదే హాయి.

కొనే ముందు చూసుకోవలసినవి

ఏ ఆట దేనితో మాట్లాడుతుందో ముందు తెలుసుకోండి. రెడ్, బ్లూ, యెల్లో తమలో తాము, గోల్డ్, సిల్వర్, క్రిస్టల్‌లతో జీవులను మార్చుకోగలవు. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ తమలో తాము, రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లతో మార్చుకోగలవు. రెడ్ ఉన్నవారికీ ఫైర్‌రెడ్ ఉన్నవారికీ మధ్య ఏ వంతెనా లేదు. లెట్స్ గో రెండూ ఒకదానితో ఒకటి మార్చుకుంటాయి, ఫోన్ ఆట పోకెమాన్ గోలో పట్టినవాటిని కూడా తెచ్చుకోవచ్చు. మీ స్నేహితురాలి దగ్గర పాత యెల్లో ఉందని తెలిసి మీరు లీఫ్‌గ్రీన్ కొంటే, ఇద్దరూ ఒకే గదిలో ఒంటరివారే.

తరువాత యంత్రం. రెడ్, బ్లూ, యెల్లో కార్ట్‌రిడ్జ్‌లు గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్, గేమ్ బాయ్ అడ్వాన్స్, అడ్వాన్స్ ఎస్‌పీల మీద నడుస్తాయి. వాటి తరువాతి యంత్రమైన డీఎస్ మీద నడవవు. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అడ్వాన్స్, ఎస్‌పీలతో పాటు పాత డీఎస్, డీఎస్ లైట్ మీద కూడా నడుస్తాయి, కానీ డీఎస్‌కు తీగ పెట్టే చోటు లేదు కనుక అక్కడ మార్పిడి కుదరదు. మార్పిడి ముఖ్యమనుకునేవారు ఎస్‌పీ వెతకండి. తీగలోనూ తేడా ఉంది. ఎస్‌పీలో పాత రెడ్ పెట్టి మార్పిడి చేయాలంటే గేమ్ బాయ్ కలర్ నాటి తీగ కావాలి, అడ్వాన్స్ తీగతో అది జరగదు. 3డీఎస్ కోసం 2016లో విడుదలైన రెడ్, బ్లూ, యెల్లో డిజిటల్ ప్రతులు ఎంతో సౌకర్యంగా ఉండేవి. 2023 మార్చిలో ఆ దుకాణం కొత్త అమ్మకాలు ఆపేసింది కనుక అంతకు ముందు కొన్నవారికే ఆ అదృష్టం.

పాత ప్రతులు ఎక్కువగా అమెరికాలో, జపాన్‌లో చేతులు మారుతుంటాయి. అక్కడ ఉన్న మన బంధువుల ద్వారా తెప్పించుకునేవారు ఇంగ్లీషు ప్రతే అడగండి. జపాన్ ప్రతి చౌకగా దొరకవచ్చు, ఏ గేమ్ బాయ్‌లోనైనా నడుస్తుంది కూడా. కానీ ఆట మొత్తం జపనీస్‌లో ఉంటుంది, పైగా జపాన్ రెడ్‌ను ఇంగ్లీషు రెడ్‌తో కలిపి మార్పిడి చేస్తే సేవ్ పాడైపోతుంది.

నకిలీల బెడద అన్నిటికన్నా ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లకే ఎక్కువ. నేనూ ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర మోసపోయాను. ఎలీట్ ఫోర్ అనే చివరి నలుగురు యోధులను గెలిచిన రాత్రి సేవ్ చేసి పడుకుంటే, పొద్దున్నే ఖాళీ తెర ఎదురైంది. అప్పటి నుంచి ఇవి చూడకుండా కొనను: స్టిక్కర్ మీద వెలుతురులో వంచి చూస్తే కనబడే రెండంకెల అచ్చు ముద్ర, కింద పిన్నుల పైన లోపలి పలక మీద ముద్రించిన నింటెండో పేరు, మూడు రెక్కల స్క్రూ. ఇవి లేకపోతే ఎంత చౌకైనా వదిలేయండి. అసలు ఫైర్‌రెడ్ సేవ్‌కు బ్యాటరీ అవసరం లేదు. రెడ్, బ్లూ, యెల్లోలలో మాత్రం లోపల చిన్న నాణెం బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే సేవ్ కూడా పోతుంది. పాతికేళ్ళు దాటిన కార్ట్‌రిడ్జ్ కొంటే దాన్ని మార్పించుకునే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. వాచీల బ్యాటరీలు వేసేవారు అందరూ ఈ పని చేయలేరు. పాత బ్యాటరీ రేకులకు అతికి ఉంటుంది కనుక టంకం వేయడం వచ్చిన చేయి కావాలి.

మొదటి జీవి: బల్బసార్, చార్మాండర్, స్క్వర్టిల్

రెడ్, బ్లూ, ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ కొన్నాక ఎదురయ్యే ఎంపిక ఇది. చాలామంది దీన్నే ఎక్కువ ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా.

తొలిసారి ఆడేవారికి బల్బసార్ దారి సాఫీగా ఉంటుంది. జిమ్ నాయకుల్లో బ్రాక్ రాళ్ళను, మిస్టీ నీటి జీవులను గడ్డి రకం తేలిగ్గా ఎదుర్కొంటుంది, సర్జ్ మెరుపు దానికి పెద్దగా తగలదు. మొదటి మూడు జిమ్‌లూ కలిసి వస్తాయి. ఆ తరువాత సబ్రీనా సైకిక్ జీవులు, బ్లెయిన్ నిప్పు దాన్ని ఇబ్బంది పెడతాయి, కానీ అప్పటికి మీ దగ్గర ఆరు జీవుల జట్టు ఉంటుంది. 32వ లెవెల్‌కే వీనసార్ అవుతుంది, మిగతా రెండూ 36 దాకా ఆగాలి. రెడ్, బ్లూలలో అయితే దాని రేజర్ లీఫ్ దాదాపు ప్రతిసారీ బలమైన దెబ్బగానే తగులుతుంది.

చార్మాండర్ కష్టమని అందరూ భయపెడతారు. అది ఏ ఆట అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెడ్, బ్లూలలో బ్రాక్ దగ్గర 12వ లెవెల్ జియోడ్యూడ్, 14వ లెవెల్ ఆనిక్స్ ఉన్నా వాటికి రాతి దాడులు రావు, వాటి స్పెషల్ శక్తి చాలా తక్కువ, అందువల్ల ఎంబర్ నిప్పురవ్వలకే అరిగిపోతాయి. ఫైర్‌రెడ్‌లో ఆ ఆనిక్స్‌కు రాక్ టూంబ్ అనే రాతి దాడి నేర్పారు, అక్కడ చార్మాండర్‌కు నిజంగా కష్టం. అందుకే కాబోలు ఆ ఆటలో చార్మాండర్‌కు 13వ లెవెల్‌లో మెటల్ క్లా అనే ఉక్కు గోళ్ళ దాడి ఇచ్చారు. ఆ లెవెల్ వచ్చేదాకా అడవిలో ఓపికగా తిరిగితే గెలుపు మీదే. రెడ్, బ్లూలలో ఒక చిన్న బాధ: రెక్కలున్న చారిజార్డ్‌కు ఎగరడం నేర్పడానికి వీల్లేదు. యెల్లోలో దాన్ని సరిచేశారు.

స్క్వర్టిల్ ఏ చోటా కుప్పకూలదు. బ్రాక్‌ను, బ్లెయిన్‌ను, చివర గియోవన్నీని అలవోకగా ఎదుర్కొంటుంది. సర్జ్, ఎరికాల దగ్గర జాగ్రత్త పడితే చాలు. సముద్రం దాటడానికి సర్ఫ్ అనే నీటి ఎత్తు కావాలి కనుక చివరిదాకా జట్టులో ఉండే అర్హత దానికి సహజంగా ఉంది. మంచి నీటి జీవులు మాత్రం కాంటోలో ఎన్నో దొరుకుతాయి, మంచి నిప్పు జీవులు తక్కువ. జట్టు మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని చూస్తే నా ఓటు చార్మాండర్‌కు. మొదటి రెండు జిమ్‌లు కష్టపడిన జీవి మీద ఏర్పడే అనుబంధం వేరు.

ఇక తోడు ఉన్నవారికి ఒక సూచన. ఆట మొదలుపెట్టక ముందే ఇద్దరూ కూర్చుని పంచుకోండి. ఒకరు బల్బసార్ తీసుకుంటే మరొకరు చార్మాండర్. మౌంట్ మూన్‌లో ఒకరు హెలిక్స్ శిలాజం తీసుకుంటే మరొకరు డోమ్. సాఫ్రన్‌లోని పోరాట శాలలో ఒకరు హిట్‌మన్‌లీ, మరొకరు హిట్‌మన్‌చాన్. ఇవన్నీ ఒక ఆటలో ఒకటే దక్కేవి. కదాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ ఈ నాలుగూ ఎంత లెవెల్ పెంచినా చివరి రూపం తీసుకోవు, తీగ దాటి అవతలి చేతికి వెళ్ళినప్పుడే మారతాయి. మీ హాంటర్ అవతలి తెర మీద గెంగార్ అయి నిలబడగానే, మీ స్నేహితుడు దాన్ని తిరిగి పంపాలి. పంపుతాడని నమ్మి ముందు మీరు పంపాలి. మూడో మనిషి దొరికితే స్క్వర్టిల్ వారిది.